సూకరజ్వరము – టీకా వచ్చిన త్రోవ

పంది పేరెత్తినంతనే మనలో పలువురు ముఖము త్రిప్పుకొందురు. నేనును చిన్ననాట అట్లు త్రిప్పుకొన్నవాడనే. కాని మన పూర్వుల నొక్కసారి తలచుకొనుడు. మునిగిన భూమిని కోరపై నెత్తిన యవతారము వరాహము. తిరుమలకొండపై శ్రీనివాసునికంటె ముందుగా దర్శింపవలసినవాడు వరాహస్వామి. బాదామి చాళుక్యుల రాజలాంఛనము వరాహము. మన ఓరుగల్లు కాకతీయుల లాంఛనమును వరాహమే. విజయనగర ప్రభువుల ముద్రయు నదియే. బంగారు నాణెమునకు వరహా యని పేరు వచ్చుటకు దానిమీద నున్న ఆ బొమ్మయే కారణము. వరహాలను మూటగట్టి పెట్టెలో దాచుకొనుట కెవ్వరికిని రోత కలుగలేదు. వాకిట తిరుగు వరాహమును మాత్రము రాళ్ళు రువ్వి తరిమితిమి.

ఈ తిరస్కారము శాస్త్రములకును ప్రాకినది. గుఱ్ఱమునకు శాలిహోత్రుడు వైద్యశాస్త్రము చెప్పెను. ఏనుగునకు పాలకాప్యుడు చెప్పెను. తెలుగున మనుమంచిభట్టు అశ్వముల గూర్చి హయలక్షణవిలాసమను పద్యకావ్యమునే రచించెను. రాజులకు గుఱ్ఱములును ఏనుగులును కావలసియుండెను గనుక వానికి వైద్యులును కవులును దొరికిరి. పందికి దొరకినవారు పేదలు. మన పూడూరు, పరిగి, వికారాబాదు ప్రాంతములలోనేమి, తక్కిన తెలుగుదేశమందేమి, పందులను సాకుచు బుట్టలల్లుచు బ్రదుకు ఎరుకలవారికి ఆ జంతువే బ్యాంకు, అదియే భూమి, అదియే కష్టకాలపు ధాన్యపుగాదె. ఏటికి రెండీతలు ఈని, ఈతకు ఆరేడు పిల్లలను పెట్టి, ఊరి పారవేతతో పెరుగు జంతువు మఱి యొకటి లేదు. పిల్ల పెండ్లికైనను, పిల్లవాని చదువునకైనను రెండు పందులను తోలుకొనిపోయి అమ్ముకొందురు. అట్టి మందలో జ్వరము ప్రవేశించినచో పక్షము దినములలో ఆ యింటి సంపద అంతయు గోతిలో పూడ్చబడును. ఆ జ్వరమును గూర్చియు, దానికి మందు కనుగొనుటకై మానవుడు పడిన పాట్లను గూర్చియు ఈ పూట ముచ్చటింతును.

దీనిని ఆంగ్లేయులు స్వైన్ ఫీవర్ అందురు. అమెరికావారు హాగ్ కలరా అనిరి. మనుష్యులకు వచ్చు స్వైన్ ఫ్లూతో దీనికి సంబంధము లేదు. ఇది మనుష్యులకు సోకనే సోకదు. ఈ రెండింటి పేర్లు కలిసినందున ఊళ్ళలో కలుగు భయము ఇంతంత కాదు. జబ్బు తగిలిన పంది మేత మాని, తీవ్రజ్వరముతో వణకుచు, తోడి పందులతో గుంపుగా ఒకదానిపై నొకటి పడియుండును. కండ్లనుండి పుసులు కారును. మొదట మలబద్ధము, పిదప విరేచనములు. చెవులమీదను, పొట్టక్రిందను ఎఱ్ఱగా, ఊదాగా మచ్చలు లేచును. వెనుకకాళ్ళు తడబడును. చూడి పందులు ఈచుకొనిపోవును. కొన్ని పిల్లలు కడుపులోనే జబ్బును తెచ్చుకొని, పైకి బాగుగనే కనబడుచు, నెలల తరబడి తక్కిన మందకు విషమును పంచుచుండును. ఒక పంది నుండి మఱియొక పందికి తాకుడువలనను, ఎంగిలి కుడితివలనను, పచ్చిమాంసపు తునుకలవలనను, కాపరి కాలి జోడువలనను ఇది ప్రాకును.

ఈ రోగము 1830 ప్రాంతమున అమెరికాలోని ఒహాయో నదీతీరముననే మొదట గుర్తింపబడెనని చరిత్రకారులు చెప్పుదురు. మొక్కజొన్నతో పందులను మేపి మాంసమమ్ముకొను రైతులకు ఆ దేశమున అది మహామారియయ్యెను. 1884 లో అక్కడి ప్రభుత్వము పశువ్యాధుల శాఖనొకదానిని స్థాపించి, డానియల్ సాల్మన్ అను నాతనిని దానికి పెద్దను జేసెను. అతనిక్రింద థియొబాల్డ్ స్మిత్ అను యువకుడు పనిచేసెను. 1885 లో వారు చనిపోయిన పందుల పేగులలో నొక సూక్ష్మజీవిని పట్టి, ఇదియే సూకరజ్వరమునకు మూలమని చాటిరి. అది పొరపాటు. ఆ సూక్ష్మజీవి జ్వరముచే బలముడిగిన పందిలోనికి తరువాత వచ్చి చేరు దొంగ. ఇల్లు తగులబెట్టినవాడు వేఱొకడు. దొరికినవానినే దొంగయని కట్టివేసిన గ్రామ కావలివానివలె వారు సంతసించిరి.

అయినను పొరపాటు వ్యర్థముగా పోలేదు. 1886 లో వారు ఆ సూక్ష్మజీవులను వేడిచేసి చంపి, చచ్చిన వానినే పావురములకు సూదితో ఎక్కించిరి. పిదప బ్రదికియున్న సూక్ష్మజీవులను ఎక్కించినను ఆ పావురములు చావలేదు. చచ్చిన క్రిమియైనను శరీరమునకు పాఠము నేర్పగలదని అప్పుడు తెలిసెను. నేడు మనుష్యులకును పశువులకును వాడు చంపిన టీకాలన్నిటికిని ఆ పావురములే తొలి సాక్షులు. ఆ సూక్ష్మజీవుల జాతికి సాల్మొనెల్లా యని సాల్మన్ పేరే పెట్టిరి. దానిని వెదకి పట్టినది మాత్రము స్మిత్తు. శిష్యుని శ్రమకు గురువు పేరు పడుట మా బడులలోనే కాదు, పెద్ద పరిశోధనాలయములలోను కలదని గ్రహించితిని.

అదే కాలమున ఫ్రాన్సు దేశమున పాశ్చరు మహాశయుడును పందులకొఱకు పాటుపడుచుండెను. ఆయన చూచినది మఱియొక రోగము. ఒడలంతయు ఎఱ్ఱబారు జబ్బు. దాని మూలము వైరసు గాదు, సూక్ష్మజీవియే. 1882, 1883 సంవత్సరములలో ఆయనయు, ఆయన శిష్యుడు లూయీ తూయ్యే యు ఒక విచిత్రమును కనుగొనిరి. ఆ సూక్ష్మజీవిని పావురమునుండి పావురమునకు ఎక్కించుచు పోయినచో పందిపట్ల దాని క్రౌర్యము హెచ్చెను. కుందేలునుండి కుందేలునకు ఎక్కించుచు పోయినచో కుందేళ్ళపట్ల క్రౌర్యము హెచ్చి, పందిపట్ల తగ్గెను. ఏ శరీరమున చిరకాలము వసించునో ఆ శరీరమునకే అలవాటుపడి, పూర్వపు శత్రుత్వమును మఱచును. ఈ కుందేలి సంగతిని శ్రోతలు గుర్తుంచుకొనవలెను. అరువదేండ్లకు పైగా గడచిన పిమ్మట ఇది మన జ్వరమునకే మందై వచ్చినది. తూయ్యే మాత్రము ఆ 1883 లోనే కలరా పరిశోధనకై అలెగ్జాండ్రియా నగరమునకు పోయి, ఆ కలరాతోనే చనిపోయెను. ఆయనకు అప్పటికి ముప్పది యేండ్లైనను నిండలేదు.

ఇక అసలు దొంగ దొరకిన వృత్తాంతము. 1898 లో జర్మనీ పండితులు లోఫ్లర్, ఫ్రోష్ అనువారు మన పశువుల గాలికుంటు వ్యాధి విషమును పింగాణివంటి మట్టితో చేసిన గొట్టములో వడగట్టిరి. ఆ వడపోత సందులగుండ సూక్ష్మజీవులు పోజాలవు. అయినను వడగట్టిన నీరు దూడలకు రోగమును తెప్పించెను. సూక్ష్మదర్శినికిని కానరాని యతిసూక్ష్మ శత్రువు కలదని పశువులలో మొట్టమొదట తెలియుట అదియే. దానికే వైరసు అని పేరు. అమెరికాలో డి ష్వైనిట్జ్, మేరియన్ డార్సెట్ అనువారు ఈ పద్ధతినే పందిజ్వరమునకు వర్తింపజేసి, 1903 లో ఫలితమును ప్రకటించిరి. జబ్బుపంది రక్తమును వడగట్టి, సాల్మన్ చెప్పిన సూక్ష్మజీవి యొక్కటియైనను లేకుండ జేసి, మంచి పందికి ఎక్కించిరి. అది జబ్బుపడెను. దాని ప్రక్కన కట్టినదియు జబ్బుపడెను. బ్రదికి బయటపడిన పందికి మరల ఆ జ్వరము రాలేదు. సాల్మన్ సూక్ష్మజీవిని మాత్రమే ఎక్కించిన పందులకో, ప్రక్కదానికి అంటించు గుణమును లేదు, బ్రదికినవానికి రక్షణయు లేదు. దాదాపు ఇరువది యేండ్లు రాజ్యమేలిన సిద్ధాంతము ఇట్లు కూలెను. దానిని కూల్చినవారు అదే శాఖలోని యుద్యోగులగుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచును. తమ పెద్దలు చెప్పినది తప్పని, ఆ పెద్దల యింటనే కూర్చుండి నిరూపించిరి.

డార్సెట్ పిదప మందునకు పూనుకొనెను. జ్వరమునుండి బ్రదికిన పందికి విషరక్తమును మఱింత హెచ్చుగా ఎక్కించి, దాని శరీరమున ప్రతివిషము పుష్కలముగా పుట్టించి, తోకను కోసి రక్తము తీసి, ఆ రక్తమును మంచి పందులకు ఇచ్చినచో కొన్ని వారములవఱకు రక్షణ కలుగుచుండెను. ఆ రక్షణ నిలుచుటకై ఒక ప్రక్క ప్రతివిషమును, మఱియొక ప్రక్క కొంచెము సజీవ విషమును ఒకేసారి ఎక్కించు పద్ధతి వచ్చెను. డార్సెట్ దీనికి పొందిన పేటెంటును తాను ధనము గడించుటకు గాక, జనులందఱును ఊరకే వాడుకొనునట్లు వదలివేసెను.

ఈ పద్ధతి లక్షలకొలది పందులను కాపాడెను. కాని దానిలో నిప్పు దాగియుండెను. రక్షణకొఱకని ఎక్కించు విషము సజీవము గదా! ప్రతివిషము చాలకపోయినను, బలహీనమైనను, టీకా వేసిన మందయే ఊరికి రోగమును పంచుచుండెను. పైగా లాభాపేక్షతో కొందఱు కల్తీ ప్రతివిషమును అమ్మసాగిరి. రైతులు మొఱపెట్టగా, పశువుల టీకాలను పరీక్షింపక అమ్మరాదని అమెరికా ప్రభుత్వము 1913 లో చట్టము చేసెను. టీకాయందు రైతునకు నమ్మకము కలుగవలెనన్న సూదిలోని సరకు నిజమైనదై యుండవలెనను సంగతిని వారు నష్టపోయి నేర్చుకొనిరి.

ఆ తరువాత 1930 దశకములో ఊదారంగు అద్దకపు ద్రవ్యముతో విషమును చంపి టీకా చేసిరి. అది అపాయము లేనిదే, కాని దాని రక్షణ మెల్లగా కలుగును. 1946 లో పాశ్చరుని కుందేలు మరల రంగమునకు వచ్చెను. అమెరికాలో కొందఱు శాస్త్రజ్ఞులు పందిజ్వరపు వైరసును కుందేళ్ళలో వరుసగా పెంచి, పందికి అపాయము లేని సజీవ వైరసును సాధించిరి. 1950 దశకమున చీనా దేశస్థులు వందలకొలది తరముల కుందేళ్ళగుండ నడిపి సాధించిన వైరసు వీటిలో నుత్తమమైనదై, ఎన్నో దేశములకు ఉపకరించెను. అమెరికాలో 1961 లో రోగనిర్మూలనమునకు చట్టము వచ్చెను. టీకాలతో రోగమును తగ్గించి, పిదప టీకాలనే మాన్పించి, మిగిలిన జబ్బుమందలను వెదకి చంపి, యజమానులకు పరిహారమిచ్చి, 1978 లో ఆ దేశము సూకరజ్వరము తమయొద్ద లేదని ప్రకటించెను. ఒహాయో తీరమున మొదలైనది మొదలు నూటనలువదియేండ్లకు పైగా పట్టినది.

మన దేశపు సంగతికి వత్తము. పశువ్యాధుల పరిశోధనకై ప్రభుత్వమువారు 1889 లో పుణెలో నొక ప్రయోగశాలను నెలకొల్పి, 1893 లో దానిని హిమాలయములలోని ముక్తేశ్వరమునకు మార్చిరి. విషములు జనావాసములకు దూరముగా నుండవలెనని ఆ కొండను కోరుకొనిరి. అదియే బరేలీ చేరువనున్న ఇజ్జత్‌నగరమునకు విస్తరించి నేటి భారత పశువైద్య పరిశోధన సంస్థ యైనది. అక్కడ ఎడ్వర్డ్సు అను నాతడు 1920 దశకమున ముసర వ్యాధి విషమును మేకలలో నడిపి బలహీనపఱచి, దున్నుకొను ఎద్దుల ప్రాణములు కాపాడు టీకాను జేసెను. కుందేలు పందికి చేసిన మేలే మేక ఎద్దునకు చేసినది. 1954 లో ఆరంభమైన దేశవ్యాప్త కార్యక్రమము వలన ముసర వ్యాధి తగ్గుచు వచ్చి, 1995 తరువాత మన దేశమున కానరాలేదు. 2011 లో ప్రపంచమంతట నుండియే అది తొలగినదని ప్రకటించిరి. మశూచి తరువాత భూమిమీదనుండి మనుష్యుడు తుడిచివేసిన రెండవ రోగ మిది.

ఎద్దునకు జరిగినంత వేగముగా పందికి జరుగలేదు. మన దేశమున సూకరజ్వరము 1944 లో అలీగఢ్ నందు కనబడెనని గ్రంథస్థమైనది. కుందేలి టీకా 1964 నుండి వాడుకలోనికి వచ్చెను. ఇంగ్లండులోని వేబ్రిడ్జి నుండి తెచ్చిన వైరసు దానికి మూలము. టీకా దొరకినది గదా, మఱి జ్వరము పోకున్న దేమి అని మీరడుగవచ్చును. దీనికి సమాధానము లెక్కలో కలదు. ఉపాధ్యాయుడను గనుక లెక్క చెప్పక మానలేను.

కుందేలునకు వైరసు నెక్కించి, దానిని చంపి, ప్లీహమును తీసి నూరి టీకా చేయుదురు. ఒక కుందేలి ప్లీహమునుండి వచ్చునవి 50 మోతాదులు మాత్రమే. దేశమునకు ఏటేట కావలసినవి 2 కోట్ల 20 లక్షల మోతాదులని పరిశోధన సంస్థవారు లెక్కకట్టిరి. అనగా ఏటికి 4 లక్షల 40 వేల కుందేళ్ళు చావవలెను. అన్ని కుందేళ్ళను పెంచుటయు, చంపుటయు ఎవరి తరము? తయారైనవి ఏటికి 12 లక్షల మోతాదులే. వానికే 24 వేల కుందేళ్ళు బలి. కావలసిన ఇరువది మోతాదులకు సుమారు ఒకటి మాత్రమే అందినదన్నమాట. ఆ ఒక్కటి మన పల్లెకు రాకుండుట వింత గాదు. కోళ్ళకు, ఎద్దులకు టీకా వేయువారు వచ్చి పోయిన వాడకు, పందులకు టీకా వేయువారు రాలేదని కాపరులు చెప్పగా, ఇది అశ్రద్ధయే యని నేనును పలుమార్లు తిట్టుకొంటిని. అశ్రద్ధయు కొంత కలదు. కాని వేసెదమన్నను వేయుటకు సరకు లేదని పిదప తెలిసికొంటిని.

ఈ చిక్కును విడదీసినది కణముల పెంపకము. జంతువు శరీరమునుండి తీసిన కణములను గాజుసీసాలో పోషకద్రవముతో పెంచి, వానిలో వైరసును పెంచు పద్ధతి ఇది. ఇజ్జత్‌నగరపు శాస్త్రజ్ఞులు మన దేశపు పందులలో దొరకిన వైరసునే తీసికొని, కణములలో తరముల తరబడి నడిపి బలహీనపఱచి, సజీవ టీకా చేసిరి. దీనిని 2020 ఫిబ్రవరి 3 నాడు దేశమునకు విడుదల చేసిరి. కుందేళ్ళను చంప నక్కఱలేదు. ఒక చిన్న సీసానుండి లక్షలకొలది మోతాదులు వచ్చును. పాత టీకా మోతాదునకు 15 మొదలు 20 రూపాయలగుచుండ, ఇది సుమారు 2 రూపాయలకే రాగలదనియు, పాత టీకా రక్షణ మూడు మొదలు ఆరు నెలలు కాగా దీని రక్షణ రెండేండ్లు నిలుచుననియు ఆ సంస్థవారు ప్రకటించిరి. తిరస్కృతమైన జంతువునకు స్వదేశమున స్వంత మందు కలుగుట ఇదియే.

టీకా యున్నను వేయు విధానమున రెండు మెలకువలు కలవు. టీకా పొందిన తల్లి పాలతో పిల్లకు కొన్నాళ్ళు రక్షణ వచ్చును. ఆ రక్షణ బలముగా నున్నపుడు టీకా వేసినచో పాలలోని రక్షణయే టీకాలోని వైరసును చంపివేయును. కావున పిల్లకు రెండు, మూడు నెలలు రానిత్తురు. తల్లిరక్షణ తగ్గి టీకారక్షణ రాని ఆ సందుకాలమున పిల్లను క్రొత్త పందులతో కలుపరాదు. రెండవది, ఈ టీకా సజీవము గనుక చల్లదనము తప్పినచో చచ్చును. మంచుపెట్టె నుండి తీసి, కలిపి, చెట్టుక్రింద నెండలో పెట్టి కబుర్లాడుచు గంటలకొలది వేసిన సూది నీటితో సమానము.

అయితే ఆ 2020 సంవత్సరమే మఱియొక వార్తను తెచ్చెను. ఫిబ్రవరిలో ఈ టీకా విడుదల కాగా, అదే యేడు వేసవిలో అస్సాము, అరుణాచల ప్రదేశములలో పందులు గుంపులు గుంపులుగా చచ్చుచున్నవని తెలిసెను. భోపాలులోని ప్రభుత్వ ప్రయోగశాలలో పరీక్షింపగా అది ఆఫ్రికా సూకరజ్వరమని మే నెలలో తేలెను. పేరొకటే, చూచుటకు లక్షణములు నొకటే, వైరసు మాత్రము పూర్తిగా వేఱు. దీనిని 1921 లో కెన్యా దేశమున మాంట్‌గొమెరీ అను పశువైద్యుడు వర్ణించెను. అక్కడి అడవిపందులు దీనిని జబ్బుపడకయే మోయుచుండగా, తెల్లవారు తెచ్చిన పెంపుడుపందులు పడి చచ్చెను. 1957 లో లిస్బను నగరమునకు, 2007 లో జార్జియా దేశమునకు, 2018 లో చీనాకు, అటనుండి మన యీశాన్యమునకు ప్రాకి, పిదప అనేక రాష్ట్రములకు వచ్చెను. ఇదియు మనుష్యులకు సోకదు.

దీని టీకా యే నూఱేండ్లుగా శాస్త్రజ్ఞులను వేధించుచున్నది. ఈ వైరసు చాల పెద్దది, శరీరపు రక్షణను మోసగించు ఉపాయములు చాల ఎఱిగినది. 1960 దశకపు మొదట పోర్చుగలు, స్పెయిను దేశములలో తొందరపడి బలహీనపఱచిన వైరసును టీకాగా వేయగా, ఎన్నో పందులు దీర్ఘరోగముతో కృశించెను. అమెరికా శాస్త్రజ్ఞులు ఈ కాలమున వైరసునుండి ఒక జన్యువును తొలగించి బలహీనపఱచిరి. దానితో వియత్నాము దేశమువారు టీకా తయారుచేసి 2022 లో అనుమతించిరి. కొన్ని చోట్ల టీకా వేసిన పందులు చనిపోగా ఆ యేడే కొంతకాల మాపిరి. మరల పరీక్షించి 2023 జూలైలో రెండు టీకాలకు దేశమంతట అనుమతి నిచ్చిరి. బలహీనమైన వైరసు మందలలో తిరిగి బలము పుంజుకొనునేమో యను సందేహము పలుదేశముల పండితులకు ఇంకను తీరలేదు. వారి సందేహమును పిరికితనమని నేననను. లిస్బను కథ చదివినవాడెవ్వడును అనడు.

ఇక్కడనే మన గ్రామములకు చిక్కు కలదు. పాతజ్వరపు టీకా క్రొత్తజ్వరమును ఆపదు. టీకా వేయించుకొన్న మందలో ఆఫ్రికాజ్వరము ప్రవేశించి పందులు చచ్చినచో, కాపరి ఏమనుకొనును? సూదివలననే చచ్చినవనును, లేదా సూది వృథాయనును. అతని మాట వాడవాడలకు ప్రాకి, మఱునాడు పాతజ్వరపు టీకాకును ఎవ్వరును పందిని పట్టియియ్యరు. దేశమున పందుల సంఖ్య ఇదివఱకే తగ్గుచున్నది: 2012 గణనలో 1 కోటి 3 లక్షలుండ, 2019 గణనకు 90 లక్షల 60 వేలయ్యెను. ఆ తగ్గుదల క్రొత్తజ్వరము రాకముందటిది.

కనుక పందులు వరుసగా చచ్చునపుడు కారణము ఊహించుటకంటె, పశువైద్యునికి కబురుపెట్టి రక్తమును, ప్లీహపు తునుకను పరీక్షకు పంపించుటయే రెండు జ్వరములను వేఱుచేయు నేకైక మార్గము. ఆ ఫలితము వచ్చునంతవఱకు చచ్చినవానిని చెరువులోను, వాగులోను పారవేయక లోతుగా సున్నముతో పూడ్చవలెను. మిగిలినవానిని సంతకు తోలరాదు. పెండ్లియింటి ఎంగిలిని ఉడికింపక పెట్టరాదు. దామగుండము, అనంతగిరి అడవుల అంచున మేయు మందలను అడవిపందులతో కలియనీయరాదు, రెండు జ్వరములును వానికి సోకును గనుక. సంతకు తోలవద్దన్నపుడు ఆ వారము ఆ కుటుంబము తినునదేమి యను ప్రశ్న శాస్త్రజ్ఞుని సీసాలో లేదు. అది పంచాయతీ రచ్చపై కూర్చుండి తీర్పవలసినది.